శ్రీలంకకు సైన్యాన్ని పంపడం తప్పా, వెనక్కి తీసుకురావడం తప్పా?

ప్రశ్న ఇది: "1987లో మనం శ్రీలంకకు శాంతి సేనను పంపడమే తప్పా, లేక పని సగంలో ఉండగా 1990లో వెనక్కి పిలిపించడం తప్పా? ఆఫ్ఘనిస్తాన్ నుంచి అమెరికా వెళ్ళిపోయిన తీరు చూశాక ఈ అనుమానం ఇంకా పెరిగింది. రేపు పొరుగు దేశం ఏదైనా పిలిస్తే మనం వెళ్ళాలా వద్దా?"

నేను పదాతి దళంలో పనిచేసి రిటైరైన వాణ్ణి. 1989లో, అంటే కథ చివరికి వచ్చాక, యువ ఆఫీసరుగా తూర్పు శ్రీలంకలో ఉన్నాను. కాబట్టి 1987 అక్టోబరులో జాఫ్నా కోసం జరిగిన ఆపరేషన్ పవన్ లాంటి పెద్ద పోరాటాల గురించి నేను చెప్పేది చదివినదీ, పై బ్యాచ్‌ల వాళ్ళ దగ్గర విన్నదీ మాత్రమే. ఖాళీ చేసి రావడం మాత్రం దగ్గరగా చూశాను.

నా జవాబు ముందే చెప్పేస్తాను. ఈ వాదన ఎప్పుడు జరిగినా రెండు తేదీల చుట్టూనే తిరుగుతుంది. వెళ్ళిన తేదీ 1987 జులై, వచ్చేసిన తేదీ 1990 మార్చి. అసలు దెబ్బ తిన్నది ఈ రెండింటి దగ్గరా కాదు. 1987 అక్టోబరులో ఒక్క వారంలో సైన్యం చేయాల్సిన పని మొత్తం మారిపోయింది, కానీ ఆ పనికోసమైతే వెళ్ళాలా వద్దా అని ఢిల్లీలో ఎవరూ మళ్ళీ మొదటి నుంచి ఆలోచించలేదు. రెండోది, ఆ ముందు జులైలో చేసిన సంతకంలోనే ఒక చిక్కు ఉంది. ఇవి రెండూ అర్థమైతే వెళ్ళడం గురించీ రావడం గురించీ వాదన దానంతట అదే చిన్నదైపోతుంది.

సంతకం సంగతి ముందు చూద్దాం. 1983 జులైలో ఉత్తర శ్రీలంకలోని జాఫ్నా దగ్గర తిరునెల్వేలిలో పులుల (ప్రత్యేక తమిళ దేశం కోసం తుపాకీ పట్టిన ఎల్‌టీటీఈ) దాడిలో 13 మంది శ్రీలంక సైనికులు చనిపోయారు, ఆ వెంటనే కొలంబోలో తమిళుల మీద ఘోరమైన మారణకాండ జరిగింది. ఇందిరాగాంధీ అప్పటి విదేశాంగ మంత్రి మన పీవీ నరసింహారావును వెంటనే కొలంబో పంపింది. ఆ తరవాత రెండు పనులు ఒకేసారి నడిచాయి. ఒక పక్క చర్చలు, 1985లో థింపూ దాకా వెళ్ళిన చర్చలు. ఇంకో పక్క అదే తమిళ మిలిటెంట్ గ్రూపులకు మన గడ్డ మీదే శిక్షణ, ఆయుధాలు. ఎల్‌టీటీఈ ఒక్కటే కాదు, టెలో, ఈపీఆర్‌ఎల్‌ఎఫ్, ఈరోస్ కూడా. 1986లో పులులు టెలో వాళ్ళను తుడిచిపెట్టేశారు, దాని నాయకుడు శ్రీ సబారత్నాన్ని చంపేశారు. తమ పక్కన ఇంకో తమిళ సంస్థ బతకడానికి ఒప్పుకోని గ్రూపు ఇది అని ఢిల్లీకి అప్పుడే తెలియాల్సింది. తెలిసే ఉంటుంది కూడా, కానీ తెలిసిన దాన్ని బట్టి లెక్క మార్చుకోలేదు.

1987 మే నెలలో శ్రీలంక సైన్యం జాఫ్నా దగ్గరి వడమరాచ్చి మీద పడి గెలుస్తూ పోతున్నప్పుడు మనం జోక్యం చేసుకున్నాం. జూన్ 3న సహాయ సామగ్రితో పడవలు పంపితే వాళ్ళ నౌకాదళం తిప్పి పంపింది. మరునాడు బెంగళూరు నుంచి ఏఎన్-32 విమానాలు, పక్కన మిరాజ్‌ల కాపలాతో, జాఫ్నా మీద దాదాపు 25 టన్నుల సరుకు జారవిడిచాయి. ఆ సరుకు ఎంతమందికి అందింది అన్నది ముఖ్యం కాదు. శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనేకు విషయం అర్థమైంది, జులై 29న కొలంబోలో రాజీవ్ గాంధీతో ఒప్పందం మీద సంతకం చేశాడు. మరునాడు గౌరవ వందనం స్వీకరిస్తుండగా విజిత రోహణ అనే శ్రీలంక నావికుడు తుపాకీ మడమతో రాజీవ్ మెడ మీద కొట్టబోయిన ఫోటో మీరు చూసే ఉంటారు. ఆతిథ్యం ఇచ్చిన దేశంలో సగం మందికి ఈ ఒప్పందం ఇష్టం లేదని ఆ ఫోటోలోనే ఉంది.

ఒప్పందంలో ఉత్తర తూర్పు రాష్ట్రాల విలీనం ఉంది, తూర్పున 1988 చివరిలోపు ప్రజాభిప్రాయ సేకరణ ఉంది, మిలిటెంట్లు 72 గంటల్లో ఆయుధాలు అప్పగించాలన్న మాట ఉంది. దాంతోపాటు మార్చుకున్న ఉత్తరాల్లో ట్రింకోమలీ రేవు భారత్‌కు హాని చేసే దేశాల సైనిక అవసరాలకు ఇవ్వకూడదు, అక్కడి చమురు ట్యాంకులను కలిసి బాగుచేసుకోవాలి, విదేశీ ప్రసార కేంద్రాలు గూఢచర్యానికి వాడకూడదు లాంటివి ఉన్నాయి. భారత్ ప్రయోజనం అంతా ఆ ఉత్తరాల్లో ఉంది. భారత్ బాధ్యత మాత్రం ఒప్పందంలో ఉంది, ఏమని? దీని అమలుకు భారత్ హామీ అని. ఆయుధాలు అప్పగించాల్సిన పులులు ఎక్కడా సంతకం పెట్టలేదు. పులుల అధినేత ప్రభాకరన్‌ను ఢిల్లీ హోటల్లో కూర్చోబెట్టి ఒప్పించామనుకున్నారు. ఆగస్టు 4న సుదుమలైలో ఆయన మాట్లాడిన తీరు విన్నవాళ్ళెవరూ అలా అనుకోరు. భారత్ మాట కాదనలేక ఆయుధాలు ఇస్తున్నామన్నాడు, ఈ ఒప్పందం తమిళుల సమస్యకు పరిష్కారం కాదని అదే నోటితో అన్నాడు.

అన్నదమ్ముల ఆస్తి తగాదాలో మధ్యవర్తిగా వెళ్ళిన పెద్దమనిషి, ఒక తమ్ముడు సంతకం పెట్టకుండానే వాడి తరఫున కూడా తానే హామీ పత్రం రాసిచ్చినట్టుంది ఇది. సంతకం పెట్టనివాడు మాట తప్పాడని అనడానికి కూడా వీలుండదు.

ఇప్పుడు అక్టోబరు వారానికి వద్దాం, ఇక్కడ కొంచెం ఆగి వివరంగా చెప్తాను, ఎందుకంటే టీవీ చర్చల్లో దీన్ని ఒక్క వాక్యంలో దాటేస్తారు. మొదట వెళ్ళింది సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్న 54వ డివిజన్, మేజర్ జనరల్ హర్‌కీరత్ సింగ్ నాయకత్వంలో. వాళ్ళకు చెప్పిన పని కాపలా. రెండు వర్గాల మధ్య నిలబడాలి, ఆయుధాలు తీసుకోవాలి, శ్రీలంక సైన్యం బ్యారక్‌ల్లో ఉండేలా చూడాలి. అందుకు తగ్గట్టే వెళ్ళారు, పూర్తి బలగం లేకుండా, భారీ ఆయుధాలు చాలావరకు ఇక్కడే వదిలేసి. మొదటి వారాల్లో జాఫ్నాలో జనం మన జవాన్లకు పూలదండలు వేశారు, అది అబద్ధం కాదు. సెప్టెంబరులో తిలీపన్ అనే పులుల నాయకుడు నల్లూరు గుడి దగ్గర మంచినీళ్ళు కూడా ముట్టకుండా నిరాహార దీక్ష చేసి సెప్టెంబరు 26న చనిపోయాడు. డిమాండ్లన్నీ భారత్‌ను ఉద్దేశించినవే. గాలి అక్కడే తిరిగింది.

అక్టోబరు మొదట్లో శ్రీలంక నౌకాదళం సముద్రంలో పులేంద్రన్, కుమారప్ప సహా 17 మంది పులులను పట్టుకుంది. పలాలి విమానాశ్రయంలో ఉంచింది. కొలంబో తీసుకెళ్ళి విచారిస్తామని పట్టుబట్టింది. వద్దని మన వాళ్ళు చెప్పారు, జయవర్ధనే ప్రభుత్వం వినలేదు. అక్టోబరు 5న వాళ్ళు సైనైడ్ మింగారు, 12 మంది చనిపోయారు. ఆ తరవాత రెండు మూడు రోజుల్లో తూర్పున పులులు సింహళ పౌరులను ఊచకోత కోశారు. కొలంబో ఢిల్లీని నిలదీసింది: హామీ ఇచ్చింది మీరు, మరి మీరే ఆపండి. ఆ ఒత్తిడిలో అక్టోబరు 10 కల్లా మన సైన్యానికి అందిన ఆదేశం పులుల నుంచి జాఫ్నాను బలంతో తీసుకోమని.

గమనించండి. మొన్నటిదాకా కాపలా అని పంపిన సేనకు ఇప్పుడు నగరం మీద దాడి చేసే పని. పంపిన సామాను ఆ పనికి సరిపోదు, పాత మ్యాపులు, చేతిలో ఎస్‌ఎల్‌ఆర్ రైఫిళ్ళు. ఎదుటివాళ్ళ చేతిలో ఏకే-47లు, వీధి వీధీ తెలుసు, అందులో కొంత శిక్షణ మనం ఇచ్చిందే. కొద్ది రోజుల్లో అయిపోతుందని పైనుంచి ధీమా. అక్టోబరు 11 రాత్రి జాఫ్నా విశ్వవిద్యాలయం మైదానంలో ప్రభాకరన్‌ను పట్టుకోవడానికని హెలికాప్టర్ల నుంచి దించిన 13 సిఖ్ లైట్ ఇన్‌ఫాంట్రీ జవాన్లు 30 మందిలో 29 మంది చనిపోయారు, ఒకరు బందీ అయ్యారు. మన వైర్‌లెస్ మాటలు పులులు ముందే విన్నారు. జాఫ్నా మొత్తం చేతికి రావడానికి రెండు వారాలకు పైగా పట్టింది, 200 మందికి పైగా జవాన్లు పోయారు. దీపావళి రోజు, అక్టోబరు 21న, మన దళాలు జాఫ్నా ఆసుపత్రిలోకి దూసుకెళ్ళినప్పుడు డాక్టర్లు, నర్సులు, రోగులు అరవై మందికి పైగా చనిపోయారు. లోపలి నుంచి కాల్పులు వచ్చాయని మన వైపు వాదన. అది ఎంతవరకు నిజమైనా సరే, జాఫ్నాలో పూలదండల కాలం ఆ రోజుతో ముగిసింది. ఈ విషయం రిటైర్డ్ వాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఎత్తితే చాలామందికి కోపం వస్తుంది. రానీయండి, ఆ ఊరి జనానికి ఇప్పటికీ గుర్తున్నది ముందుగా అదే.

ఢిల్లీలో ఎవరైనా అక్టోబరు 6న కూర్చుని "మనం ఇప్పటిదాకా కాపలాదారులం, ఇకనుంచి యుద్ధంలో ఒక పక్షం అవుతున్నాం, దీనికి ఎంత సైన్యం కావాలి, ఎన్నేళ్ళు, గెలిచాక ఆ ఊళ్ళను ఎవరికి అప్పజెప్తాం" అని అడిగి ఉంటే రెండు దారులు కనిపించేవి. ఒకటి, పూర్తి బలంతో, అన్ని సన్నాహాలతో, రెండు నెలల తరవాత అయినా సరే మొదలుపెట్టడం. రెండోది, సంతకం పెట్టని పక్షం వల్ల హామీ చెల్లదని ప్రకటించి నవంబరులో వెనక్కి రావడం. రెండోది అప్పట్లో అవమానం అనిపించేది, నిజమే. కానీ ఆ అవమానం ఖరీదు తరవాత మనం కట్టిన దానిలో పదో వంతు కూడా ఉండేది కాదు. రెండూ చేయకుండా ఉన్న దళాలనే ముందుకు తోసి, చాలకపోతే ఇంకో డివిజన్, అదీ చాలకపోతే మరొకటి, ఇలా చివరికి నాలుగు డివిజన్లు, 70 వేలకు పైగా మనుషులు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్న పరిస్థితిలో రెండున్నరేళ్ళు గడిచాయి.

ఇక నేను చూసిన కాలం. 1988 నవంబరులో ఉత్తర తూర్పు రాష్ట్ర మండలి ఎన్నికలు జరిగాయి, పులులు బహిష్కరించారు, ఈపీఆర్‌ఎల్‌ఎఫ్ నాయకుడు వరదరాజ పెరుమాళ్ ముఖ్యమంత్రి అయ్యాడు. డిసెంబరులో ప్రేమదాస అధ్యక్షుడిగా గెలిచాడు, ఆయన ప్రచారమే భారత సైన్యాన్ని పంపించేస్తానని. నా అభిప్రాయంలో మనం బయటికి రావడానికి తేదీ ప్రకటించాల్సింది అప్పుడే, ఆ డిసెంబరులో. ఎన్నిక జరిపించాం, రాష్ట్ర ప్రభుత్వం ఏర్పడింది, ఇన్ని నెలల్లో ఫలానా జిల్లా పోలీసులకు అప్పజెప్తాం, దానికి బదులు రాష్ట్రానికి నిజమైన అధికారాలు, సొంత పోలీసు ఇవ్వండి అని కొలంబోతో బేరం పెట్టడానికి మన చేతిలో బలం ఉంది. ఎందుకంటే దక్షిణాన జేవీపీ అనే సింహళ వామపక్ష సంస్థ తిరుగుబాటుతో శ్రీలంక సైన్యం ఊపిరి సలపకుండా ఉంది, ఉత్తరం చూసుకునేందుకు వాళ్ళ దగ్గర మనుషుల్లేరు. 1989 మొదట్లో కొన్ని బెటాలియన్లు వెనక్కి వచ్చాయి గానీ దాని వెనక ఇలాంటి బేరం ఏమీ లేదు. జూన్ 1న ప్రేమదాస బహిరంగ సభలో, జులై 29 లోపల వెళ్ళిపోండి అని గడువు పెట్టేశాడు. ఆ క్షణంలో బేరం పోయింది. ఎప్పుడు వెళ్తామన్నది మన నోటి నుంచి కాక వాళ్ళ నోటి నుంచి వచ్చింది.

అంతకన్నా ఘోరం, ఆ నెలల్లో ప్రేమదాస ప్రభుత్వమే పులులకు ఆయుధాలు ఇచ్చింది. తరవాత బయటపడింది ఇది, కానీ కింద ఉన్నవాళ్ళం అప్పుడే గుసగుసలు విన్నాం. మనల్ని ఎవరు పిలిచారో వాళ్ళే, మనం ఎవరితో పోరాడుతున్నామో వాళ్ళకు తుపాకులు ఇస్తున్నారు. మరో పక్క గాయపడ్డ పులులకు మద్రాసు వైపు చికిత్స దొరుకుతోంది. "ఇంకో ఆరు నెలలు ఇచ్చి ఉంటే ముల్లైతీవు అడవిలో ప్రభాకరన్‌ను పట్టేసేవాళ్ళం" అని ఇప్పటికీ అనే మా సీనియర్లున్నారు, వాళ్ళ ధైర్యం మీద నాకు అపారమైన గౌరవం. కానీ ముందు నుంచీ వెనక నుంచీ సరఫరా ఆగని శత్రువును అడవిలో ఆరు నెలల్లో ముగించినవాళ్ళు నాకు చరిత్రలో కనిపించలేదు. శ్రీలంక సైన్యం చివరికి 2009లో ముగించింది, నిజమే, కానీ అది తమ సొంత దేశంలో, సముద్ర మార్గాలు మూసేసి, ఎంతమంది పౌరులు పోయినా ఆగకుండా చేసిన పని. ఆ తరహా యుద్ధం పొరుగు దేశంలో ఒక విదేశీ సైన్యం చేయలేదు, చేయకూడదు.

మా బెటాలియన్‌లో చిత్తూరు వైపు జవాన్ ఒకతను ఉండేవాడు, తమిళం బాగా వచ్చు, కాబట్టి పెట్రోలింగ్‌కు వెళ్తే మాటలన్నీ అతనిద్వారానే. ఒక ఊళ్ళో బడి పంతులు ఒకాయన ప్రతిసారీ మర్యాదగా టీ ఇప్పించేవాడు, ప్రతిసారీ ఒకటే అడిగేవాడు: "మీరు వెళ్ళాక ఎవరొస్తారు సార్?" జవాబు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు, పై ఆఫీసర్ల దగ్గరా లేదు. అందుకే పంతులు గారు మాకు ఏ సమాచారమూ ఎప్పుడూ ఇవ్వలేదు. ఎందుకిస్తారు? రేపు వెళ్ళిపోయేవాడికి సాయం చేసి, రేపు వచ్చేవాడి చేతిలో చావడానికి ఎవరూ సిద్ధపడరు. తిరుగుబాటు ప్రాంతాల్లో నిఘా అనేది డబ్బుతోనో భయంతోనో రాదు, మనం ఎంతకాలం ఉంటామన్న నమ్మకంతో వస్తుంది. వెళ్ళిపోతామని అందరికీ తెలిసిపోయిన రోజు నుంచి ప్రతి పెట్రోలు గుడ్డిగా నడిచిందే. జెర్రీకేన్లలో మందు నింపి రోడ్డు కింద పాతిన మందుపాతరలు ఎక్కడున్నాయో ఊళ్ళో పిల్లలకు కూడా తెలుసు, మాకు తెలియదు.

ఆ ప్రశ్నకు జవాబు అనుకుని చివరి నెలల్లో చేసిన పని అన్నిటికన్నా చెడ్డది. తమిళ జాతీయ సైన్యం అని ఒకటి పెట్టారు. ఈపీఆర్‌ఎల్‌ఎఫ్ వాళ్ళు ఊళ్ళమీద పడి కుర్రాళ్ళను బలవంతంగా లాక్కొచ్చారు, వాళ్ళకు నాలుగు వారాల డ్రిల్లు నేర్పి తుపాకీ ఇచ్చి, మేం వెళ్ళాక పులులను మీరే ఆపండి అన్నాం. 1989 చివర్లో ముందుగా అంపారై ఖాళీ చేశాం, తరవాత ఒక్కో జిల్లా. మేం ట్రక్కులెక్కిన వెనకాలే పులులు దిగారు. ఆ కుర్రాళ్ళలో చాలామంది చనిపోయారు, లొంగిపోయినవాళ్ళను కూడా వదల్లేదు. వరదరాజ పెరుమాళ్ 1990 మార్చిలో ఏకపక్షంగా స్వతంత్ర ఈలం అని ప్రకటించి భారత్ వచ్చేశాడు. ఈపీఆర్‌ఎల్‌ఎఫ్ ప్రధాన నాయకుడు పద్మనాభను జూన్‌లో మద్రాసు నగరంలోనే చంపారు. వెనక్కి రావడం తప్పు అని నేను అనను. అలా తయారుచేసి వదిలేయడం తప్పు, దానికి సమర్థన నాకు తెలియదు.

చివరి దళం 1990 మార్చి 24న ట్రింకోమలీలో ఓడ ఎక్కింది. అప్పటికి ఢిల్లీలో వీపీ సింగ్ నేషనల్ ఫ్రంట్ ప్రభుత్వం. ఆ ఫ్రంట్‌కు ఛైర్మన్ మన ఎన్టీఆర్, అందులో భాగస్వామి డీఎంకే, కాబట్టి వెనక్కి పిలవడం రాజకీయంగా కూడా ఖాయమైపోయింది. మద్రాసులో స్వాగతానికి ముఖ్యమంత్రి కరుణానిధి రాలేదు. తమిళులను చంపిన సైన్యాన్ని స్వాగతించను అన్నాడు. దాదాపు 1200 మందిని పోగొట్టుకుని వచ్చిన వాళ్ళకు అది ఎలా తగిలి ఉంటుందో మీరే ఊహించుకోండి. ఏడాది తిరిగేసరికి 1991 మే 21న శ్రీపెరంబుదూరులో రాజీవ్ పోయాడు, 1993 మే డేన ప్రేమదాస కూడా పోయాడు, అదీ ఆయన ఆయుధాలిచ్చిన పులుల చేతుల్లోనే.

ఇప్పుడు ఆఫ్ఘనిస్తాన్. మీరు 2021 చూసి వెళ్ళిపోవడమే నేరం అనుకుంటున్నారు, అక్కడ రెండు సైన్యాలు వెళ్ళిపోయాయని గుర్తుపెట్టుకోండి. సోవియట్ సైన్యం 1989 ఫిబ్రవరి 15న వెళ్ళిపోయింది. వాళ్ళు నిలబెట్టిన అధ్యక్షుడు నజీబుల్లా నెలల్లో పడిపోతాడని అందరూ అన్నారు, మూడేళ్ళకు పైగా నిలబడ్డాడు. ఎప్పుడు పడ్డాడు? 1991 చివర మాస్కో నుంచి డబ్బు, డీజిలు, ఆయుధాలు ఆగాక, 1992 ఏప్రిల్‌లో. అంటే సైనికులు వెళ్ళినందుకు కాదు, సరఫరా ఆగినందుకు పడ్డాడు. అమెరికా విషయంలో 2020 ఫిబ్రవరిలో దోహాలో తాలిబాన్‌తో ఒప్పందం చేసుకుంది, కాబూల్ ప్రభుత్వాన్ని గదిలోకి కూడా పిలవలేదు. సైనికులతో పాటు ఆఫ్ఘన్ విమానాలను రిపేరు చేసే కాంట్రాక్టు మెకానిక్‌లు కూడా వెళ్ళిపోయారు. ఆ దేశ సైన్యాన్ని తయారుచేసిందే గాలిలోంచి సాయం ఉంటుందన్న లెక్క మీద, ఆ లెక్కే తీసేశారు. 2021 ఆగస్టు 15న ఆఫ్ఘన్ అధ్యక్షుడు ఘనీ పారిపోయాడు. మూడు లక్షల సైన్యం కాగితం మీద ఉన్నట్టు, మన తమిళ జాతీయ సైన్యం కూడా కాగితం మీదే ఉంది. ఆ తమిళ కుర్రాళ్ళు ధైర్యం లేనివాళ్ళా, ఆఫ్ఘన్లు ధైర్యం లేనివాళ్ళా అన్న చర్చ అనవసరం. రేపటి నుంచి తూటాలు ఎవరు తెస్తారో తెలియని సైనికుడు ఎక్కడైనా అదే చేస్తాడు.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా మనదే, దాన్ని తక్కువ చేయకూడదు. 1971 డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది. మూడు నెలలు కాకముందే, 1972 మార్చి 12న, ఢాకాలో వీడ్కోలు కవాతు చేసి మన సైన్యం వచ్చేసింది. ఇందిరాగాంధీ గొప్పతనమో, జనరల్ మానెక్‌షా చలికాలం దాకా ఆగమని పట్టుబట్టి సన్నద్ధం కావడమో అంటారు, రెండూ నిజమే. కానీ నాకు అసలు తేడా వేరే చోట కనిపిస్తుంది. అక్కడ వెళ్ళాక ఎవరు వస్తారన్న ప్రశ్నకు జవాబు ముందే ఉంది: 1970 ఎన్నికల్లో గెలిచిన అవామీ లీగ్, జనవరి 10న ఢాకా తిరిగొచ్చిన దాని నాయకుడు ముజీబ్, మనతో పాటు పోరాడిన ముక్తి బాహిని. మనం వెళ్ళిపోవాలని ముజీబ్ కోరుకున్నాడు, మనం కూడా ఉండాలనుకోలేదు. శ్రీలంకలో ఆ మూడింట్లో ఒక్కటీ లేదు.

మాల్దీవులు ఇంకా చిన్న కథ. 1988 నవంబరు 3న ప్లాట్ అనే శ్రీలంక తమిళ గ్రూపు కిరాయి మనుషులు మాలే మీద దాడి చేశారు, అధ్యక్షుడు గయూమ్ సాయం అడిగాడు, ఆగ్రా నుంచి ఐఎల్-76ల్లో పారాట్రూపర్లు అదే రాత్రి హుల్‌హులేలో దిగారు. బందీలతో ఓడలో పారిపోతున్నవాళ్ళను ఐఎన్‌ఎస్ గోదావరి, ఐఎన్‌ఎస్ బేత్వా సముద్రంలో పట్టుకున్నాయి. పిలిచినవాడు ఎవరో స్పష్టం, శత్రువు ఎవరో స్పష్టం, పని ఏమిటో ఒక్క వాక్యంలో చెప్పొచ్చు. జాఫ్నాలో మన బెటాలియన్లు మందుపాతరల మధ్య తిరుగుతున్న రోజుల్లోనే ఇదీ జరిగిందని చాలామందికి గుర్తుండదు. అదే సైన్యం, అదే ప్రధాని, అదే సంవత్సరాలు. కాబట్టి సైన్యం సామర్థ్యం మీద కాదు, అప్పజెప్పిన పని మీద చూడాలి దీన్ని.

మీ చివరి ప్రశ్న, రేపు పిలిస్తే వెళ్ళాలా అన్నది. పిలిచినవాడు తన దేశంలో ఇంకో ఏడాది పదవిలో ఉంటాడా, ఉండకపోతే వచ్చేవాడు ఏమంటాడు, ఇది నేను మొదట చూస్తాను. జయవర్ధనే పిలిచాడు, ప్రేమదాస పొమ్మన్నాడు, మధ్యలో రెండేళ్ళు కూడా లేవు. తరవాత, తుపాకులు పట్టినవాళ్ళందరూ ఒప్పుకున్నారా లేక మనమే వాళ్ళ తరఫున ఒప్పుకున్నామా. ఆ పైన, అప్పగించిన పని మారితే మళ్ళీ పార్లమెంటు ముందుకో కనీసం క్యాబినెట్ ముందుకో కొత్తగా రావాలన్న నియమం ఉందా. మనకు ఇప్పటికీ ఆ నియమం రాతపూర్వకంగా ఎక్కడా లేదు, నాకైతే ఇదే పెద్ద టెన్షన్.

ఢిల్లీ ఇందులో కొంత నేర్చుకుంది అనే చెప్పాలి. 2022లో శ్రీలంక ఆర్థికంగా కూలిపోయి అధ్యక్షుడు గోటబయ పారిపోయినప్పుడు భారత్ సైన్యాన్ని పంపుతోందని కొలంబోలో పుకార్లు లేచాయి, మన హైకమిషన్ వెంటనే ఖండించింది, పంపింది దాదాపు 400 కోట్ల డాలర్ల సాయం, డీజిలు, మందులు, బియ్యం. మాల్దీవుల్లో హెలికాప్టర్లు, డార్నియర్ విమానం నడిపే మన సైనికులు 80 మంది దాకా ఉండేవాళ్ళు, 2023లో అధ్యక్షుడిగా గెలిచిన ముయిజ్జు వెళ్ళిపొమ్మంటే 2024 మే 10 లోపు అందరినీ వెనక్కి తెచ్చి, వాళ్ళ స్థానంలో యూనిఫాం లేని టెక్నీషియన్లను పెట్టారు. టీవీల్లో దాన్ని ఓటమి అని అరిచారు. విమానాలు అక్కడే ఉండిపోయాయి, తరవాత కూడా రోగులను మోశాయి, ఆ ఏడాది అక్టోబరులో అదే ముయిజ్జు ఢిల్లీ వచ్చి డబ్బు సాయం తీసుకుని వెళ్ళాడు.